నానోట్యూబ్ పోగుకి రెసిన్ అంటుకుంటుందా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మా కాంపోజిట్స్ (పోగుల్ని రెసిన్ అనే జిగురులో ముంచి గట్టిపరచిన పదార్థాలు) ల్యాబ్‌కి ప్రాజెక్టుల కోసం వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు ముందుగా అడిగేది ఇదే: "సార్, కార్బన్ నానోట్యూబ్ ఫైబర్ వేస్తే ఎన్ని రెట్లు స్ట్రాంగ్ అవుతుంది?" నానోట్యూబ్ అంటే కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టం. అలాంటివి బోలెడు కలిపి వడికిన పోగే ఆ ఫైబర్.

అపోహ: ఒక్క ట్యూబుకున్న బలమే ఫైబర్‌కీ ఉంటుంది.

వాస్తవం: విడి ట్యూబు బలం పదుల గిగాపాస్కల్స్‌లో (బలాన్ని కొలిచే యూనిట్) ఉంటుంది. వాటినే పోగుగా వడికితే చాలావాటికి 1 నుంచి 3 మధ్యే వస్తుంది. బజార్లో దొరికే టీ700 రకం మామూలు కార్బన్ ఫైబర్‌కే 4.9 ఉంది. పొందూరు నూలు వడకడం చూసినవాళ్లకు కారణం తేలిగ్గా అర్థమవుతుంది. పురి చాలకపోతే పత్తి పీచు తెగదు, జారిపోతుంది. ట్యూబుల మధ్య ఉన్నదీ వాండర్‌వాల్స్ ఆకర్షణ (అణువుల మధ్య ఉండే బలహీనమైన లాగుడు), కాస్త రాపిడి, అంతే.

అపోహ: పరీక్షలో పట్టు తక్కువ వచ్చిందంటే రెసిన్ అంటుకోలేదన్నమాట.

వాస్తవం: ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పోగు మీద చిన్న ఎపాక్సీ (ఒక రకం రెసిన్) బొట్టు పెట్టి, క్యూర్ చేసి (గట్టిపడనిచ్చి), రెండు బ్లేడ్ల మధ్య బొట్టును ఆపి పోగును లాగుతాం. బొట్టు ఊడినప్పటి బలాన్ని అది పోగును చుట్టుకున్న వైశాల్యంతో భాగిస్తాం. (ఈ పోగు కచ్చితమైన గుండ్రం కాదు కాబట్టి ఆ వైశాల్యం కూడా అంచనాయే.) మంచి కార్బన్ ఫైబర్‌కి 50 మెగాపాస్కల్స్ (గిగాపాస్కల్‌లో వెయ్యో వంతు ఒక మెగాపాస్కల్) దాటడం మామూలే. నానోట్యూబ్ పోగుకి 15 లోపు వచ్చిన సందర్భాలున్నాయి.

ఆ అంకె రాసేసి ఊరుకోకండి. ఊడిన బొట్టును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. దాని లోపలి గోడకు నానోట్యూబుల పొర ఒకటి తొడుగులా అతుక్కుని కనిపించిందంటే, రెసిన్ తన పట్టు వదల్లేదు. కార్బన్ ఫైబర్ గట్టి కడ్డీ, రెసిన్ దాని పైనే ఆగుతుంది. నానోట్యూబ్ పోగు నిండా సందులే కాబట్టి పలచని ఎపాక్సీ కొంత లోతుకి ఇంకుతుంది. అది అందని లోపలి భాగంలో ట్యూబులు ఒకదాని మీద ఒకటి జారాయి. మీరు కొలిచింది ఆ జారుడుని. అందుకే ఫొటో లేని రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.

అపోహ: పోగును యాసిడ్‌లో ఎంత నానబెడితే రెసిన్‌కి అంత పట్టు.

వాస్తవం: నైట్రిక్ యాసిడ్ వల్ల ట్యూబు గోడ మీద ఆక్సిజన్ గ్రూపులు ఏర్పడి, ఎపాక్సీతో రసాయన బంధానికి వీలవుతుంది. మోతాదు మించితే ఆ గోడే దెబ్బతిని బలం, విద్యుత్ వాహకత రెండూ పడిపోతాయి.

అపోహ: పట్టు ఎంత గట్టిదైతే కాంపోజిట్ అంత మంచిది.

వాస్తవం: కాదు. పోగు కొంచెం ఊడి జారితేనే పగులు శక్తి ఖర్చవుతుంది. మరీ బిగుసుకుంటే పగులు పోగును కోసుకుంటూ సూటిగా పోతుంది.

అపోహ: రెసిన్‌లో నానోట్యూబ్ పొడి కలిపినా ఫైబర్ వేసినట్టే.

వాస్తవం: భావనపాడు వైపు ఫైబర్ పడవలు రిపేర్ చేసేవాళ్లు కూడా ఈమధ్య ఇదే అడుగుతున్నారు. సరిగా విడగొట్టకుండా కలిపిన పొడి ఉండలు కడుతుంది. రెసిన్ చిక్కబడి గ్లాస్ మ్యాట్‌లోకి (గాజు పీచుతో చేసిన పట్టా) సరిగా దిగదు, గాలి బుడగలు మిగులుతాయి. ఆ పొడి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు కూడా. పడవకి మీరు చేయగలిగిన మేలు వేరే ఉంది: ఉప్పును మంచినీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, పాత పొరను గ్రైండర్‌తో గరుకు చేసి, దుమ్ము తుడిచాకే కొత్త పొర వేయండి.