తలగడ కింద సమాధి మట్టి

ఉత్తర ఐర్లండ్‌లోని ఫర్మానా కౌంటీలో బోహో అనే చిన్న పల్లె ఉంది. అక్కడి చర్చి ఆవరణలో 1815లో చనిపోయిన ఫాదర్ జేమ్స్ మెక్‌గిర్ సమాధి ఉంది. ఆయన హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. తాను నయం చేసిన జబ్బులన్నిటినీ తన మీది మట్టి కూడా నయం చేస్తుందని చెప్పి పోయారట. అందుకే పంటి నొప్పి, గొంతు నొప్పి వస్తే చెంచాడు మట్టి తెచ్చి, గుడ్డలో మూటకట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. తర్వాత దాన్ని తీసినచోటే వేసేయాలి.

ఐర్లండ్‌లో ఇలాంటి వైద్యాలు కొల్లలు. 1937-39 మధ్య బడిపిల్లలు ఊళ్ళో పెద్దవాళ్ళనడిగి వీటిని నోట్‌బుక్కుల నిండా రాశారు. దగ్గుకు క్యారగీన్ అనే సముద్రపు నాచును మరిగించి తాగడం అందులో ఒకటి. అది జిగురుగా గొంతుకు పూతలా పట్టి హాయినిస్తుంది. పులిపిరికి నత్తను రుద్ది ముల్లుకు గుచ్చేవారు. నత్త ఎండేకొద్దీ పులిపిరీ రాలిపోతుందని నమ్మకం. పులిపిర్లు చాలావరకు వాటంతటవే పోతాయి కాబట్టి ఆ మంచిపేరు నత్తకు దక్కింది.

బోహో మట్టి సంగతి వేరు. వేల్స్‌లోని స్వాన్సీ యూనివర్సిటీ బృందం దాన్ని పరీక్షించి, స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందిన ఒక కొత్త బ్యాక్టీరియాను కనిపెట్టినట్టు 2018లో ప్రకటించింది. మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి మొండి క్రిములను కూడా అది ల్యాబ్‌లో పెరగనివ్వలేదు. ఇలాంటి పరీక్షలో గాజు పళ్ళెం నిండా క్రిములు పొరలా పరుచుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఉన్నచోట మాత్రం చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది.

స్ట్రెప్టోమైసిస్ మనకు కొత్తదేమీ కాదు. తొలకరి చినుకులకు గుప్పుమనే మట్టి వాసన చాలావరకు దీని చలవే. 1943లో క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ దొరికింది ఈ జాతి నుంచే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వెలువడి, 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే.

అయితే తలగడ కింది మూటే పంటి నొప్పిని తగ్గించిందని దీనివల్ల రుజువు కాలేదు. మూటలోని బ్యాక్టీరియా పంటిదాకా ఎలా వస్తుంది? నా దృష్టిలో ఆ నమ్మకం చేసిన మేలు ఇంకొకటి: వెతకాల్సిన చోటు చూపించింది. అంతేగానీ ఇది చదివి ఎవరూ గాయం మీద మట్టి వేసుకోవద్దు. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా కూడా మట్టిలోనే ఉంటుంది.