కోతిని పట్టుకోకుండానే దాని ఒత్తిడి కొలవడం

అడవి కోతి ఎంత ఒత్తిడిలో ఉందో తెలియాలంటే రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను కొలిస్తే చాలదా? చాలదు. వల వేసి పట్టుకున్న కొద్ది నిమిషాలకే ఆ భయంతో మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. అందులో అంతకుముందు ఉన్నదెంతో, మనం కలిగించిందెంతో చెప్పడం కష్టం.

అందుకే శాస్త్రవేత్తలు మలాన్ని నమ్ముకున్నారు. కాలేయం కార్టిసాల్‌ను విడగొట్టి పిత్తరసంతో పేగుల్లోకి పంపుతుంది. ఆ అవశేషాలు మలంలోకి చేరడానికి కోతుల్లో సుమారు ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే ఈ ఉదయం ఏరిన నమూనాలో ఉండేది నిన్నమొన్నటి బతుకు. గడియకొకలా మారే రక్తపు లెక్కకన్నా ఇది నిలకడైనది. పైగా జంతువు జోలికే పోనక్కర్లేదు. అంతరించే ముప్పున్న జాతికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు తెలియదు.

మొరాకోలో అలాంటి జాతే అయిన బార్బరీ కోతులపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. పర్యాటకులతో తగవులు ఎక్కువైన కొద్దీ మగ కోతుల మలంలో ఈ అవశేషాలూ పెరిగాయి. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించే ముప్పున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల లాకోన్స్ కూడా పులుల వంటి వన్యప్రాణుల ఒత్తిడిని మలం నమూనాలతోనే కొలుస్తోంది.

పని మాత్రం తేలిక కాదు. మలంలోని బ్యాక్టీరియా నేల మీద పడ్డాక కూడా హార్మోన్లను మారుస్తూనే ఉంటుంది. గోదావరి డెల్టా ఉక్కలో ఇది మరీ వేగం. కాకినాడ రేవులో చేపకు ఐసు ఎంత అవసరమో, ఈ నమూనాకూ అంతే. వెంటనే ఆల్కహాల్‌లో వేయాలి, లేదా గడ్డకట్టించాలి. ఏ కోతిదో కూడా రాసుకోవాలి. చూలు, ఆకలి, రుతువు కూడా కార్టిసాల్‌ను పెంచుతాయి కనుక, ఎవరిదో తెలియని అంకెతో ఏమీ తేల్చలేం. జాతిని బట్టి అవశేషాలు మారతాయి. కాబట్టి పరీక్ష ఆ జాతికి పనిచేస్తుందో లేదో ముందే రుజువు చేసుకోవాలి. జంతుప్రదర్శనశాలలోని కోతికి అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే హార్మోన్ ఇచ్చి, తర్వాతి రోజుల మలంలో ఆ పెరుగుదల కనబడుతుందేమో చూస్తారు.

ఇది మన డెల్టాకూ కావాలి. నెత్తిన టోపీలా జుట్టుండే పొడవు తోక బానెట్ కోతి దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా ఉండదు. తూర్పున దానికి గోదావరే ఉత్తరపు ఎల్లగా ఉండేది. ఇప్పుడు ఉత్తరాది రీసస్ కోతి దక్షిణానికి చొచ్చుకొస్తోంది. అంతర్జాతీయ ముప్పు జాబితాలో బానెట్ కోతి కూడా చేరింది. పంట పాడుచేస్తుందని తిట్టేవాళ్లే గానీ, దాని ఒంట్లో ఏం జరుగుతోందని అడిగేవాళ్లు తక్కువ. గుడి మెట్ల మీది గుంపునుంచీ, తోటల్లో టపాసులతో తరిమే గుంపునుంచీ ఏడాది పొడవునా నమూనాలు సేకరించి పోల్చితే, ఏ రకం తరుముడు వాటిని ఎంత కాలం కుదిపేస్తుందో రైతుకూ అటవీ శాఖకూ అంకెల్లో చూపించవచ్చు.