బోటును పగలగొట్టేది చలి కాదు, లోపల మిగిలిన నీరు

చలికాలం ముందు బోట్లను సిద్ధం చేయడం, మంచు కరిగాక పాడైన వాటిని బాగుచేయడం, రెండూ నా పనులే. బద్ధకం వల్ల పాడైన బోట్లు తక్కువ. ఎంతో శ్రద్ధగా, కాకపోతే ఏదో తప్పు నమ్మకంతో చేసిన పనుల వల్ల పాడైనవే ఎక్కువ. వాటిలో తరచుగా వినేవి ఇవి.

అపోహ: ఉప్పునీటి బోటుకు గడ్డకట్టే భయం లేదు.

వాస్తవం: మామూలు సముద్రపు నీరు దాదాపు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంటే మంచినీటితో తేడా రెండు డిగ్రీలు కూడా లేదు. పైగా సముద్రం చల్లబడటానికి వారాలు పడుతుంది, ఇంజిన్‌లో మిగిలిన లీటరు నీటికి ఒక్క రాత్రి చాలు. గడ్డకట్టిన నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది. పోత ఇనుము సాగదు కాబట్టి పగులుతుంది. ఆ పగులును లోపలి మంచే మూసి ఉంచుతుంది. అందుకే సంగతి మంచు కరిగి నీళ్లు కారినప్పుడు గానీ బయటపడదు.

అపోహ: యాంటీఫ్రీజ్ (నీరు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోశాం, పైపులోంచి రంగు నీళ్లు కూడా వచ్చాయి. ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఎక్కువ ఇంజిన్లు పోయేది ఈ ధీమాతోనే. బయటి నీటితోనే చల్లబడే ఇంజిన్‌లో థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే భాగం) ఉంటే, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకునే ఉంటుంది. పోసిన యాంటీఫ్రీజ్ బ్లాక్‌లోకి, అంటే ఇంజిన్ ప్రధాన దిమ్మెలోకి, వెళ్లకుండా పక్కదారిన పైపులోంచి బయటికి వచ్చేస్తుంది. మనం రంగు చూసి మురిసిపోతాం. బ్లాక్‌లో మాత్రం పాత నీరు అలాగే ఉంటుంది.

నా పద్ధతి: ముందు డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నీళ్లన్నీ తీసేస్తాను. ప్లగ్ విప్పినా చుక్క రాలేదంటే లోపల నీరు లేదని కాదు, తుప్పు, ఇసుక రంధ్రాన్ని మూసేశాయని అర్థం. ఒక తీగతో పొడవాలి, బొళబొళా వస్తాయి. ఆ తర్వాతే యాంటీఫ్రీజ్. ఈ క్రమం మారిస్తే మిగిలిన నీటితో కలిసి అది పలచబడిపోతుంది.

సీసా మీది అంకెనూ జాగ్రత్తగా చదవాలి. కొన్నిటి మీద ఉండేది పైపు పగలకుండా ఆగే ఉష్ణోగ్రత. ద్రవం ముద్దగా మారడం అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది. ఆ అంకె ఫారెన్‌హీట్‌లో కూడా ఉండొచ్చు. తాగునీటి పైపుల్లో ఇథిలీన్ గ్లైకాల్ ఎప్పుడూ పోయకండి, అది విషం. వాటికి ప్రొపిలీన్ గ్లైకాల్ రకం వేరే దొరుకుతుంది.

అపోహ: ఒడ్డుకు ఎక్కించిన బోటుకు అడుగు వాల్వులు (అడుగున నీరు వచ్చిపోయే రంధ్రాలకు ఉండేవి) మూసి ఉంచాలి.

వాస్తవం: నీటిలో ఉన్న బోటుకైతే మూయాల్సిందే. ఒడ్డున మాత్రం తెరవండి. బాల్ వాల్వు మూస్తే లోపలి గుండులో కాస్త నీరు చిక్కుకుపోతుంది. వాల్వు పగలడానికి అది చాలు.

అపోహ: గాలి చొరకుండా బిగించి కప్పితే చెమ్మ రాదు.

వాస్తవం: చెమ్మ అప్పటికే లోపల ఉంది. పరుపుల్లో, తాళ్లలో, అడుగు పలకల కింద. పగటి ఎండకు అది ఆవిరవుతుంది, రాత్రి చల్లబడ్డ గోడల మీద చల్లనీళ్ల గ్లాసు చెమర్చినట్టు చెమరుస్తుంది. పోయే దారి లేకపోతే రోజూ ఇదే తంతు, చివరికి బూజు.

అందుకే టార్పాలిన్‌ను నడుమ ఎత్తుగా గుడారంలా కట్టి, ముందూ వెనకా గాలికి సందు వదలాలి. పరుపులు ఇంటికి తెచ్చుకోండి, కుదరకపోతే అంచు మీద నిలబెట్టండి. అరల తలుపులు, అడుగు పలకలు తెరిచి ఉంచండి. గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ నడిపేవాళ్లకు మాత్రం లెక్క తిరగబడుతుంది. వాళ్లు సందులన్నీ మూయాలి, లేకపోతే పాపం అది ఊళ్లో గాలినంతా ఆరబెడుతూ కూర్చుంటుంది.

అపోహ: అప్పుడప్పుడు గ్యాస్ హీటర్ వెలిగిస్తే లోపల ఆరిపోతుంది.

వాస్తవం: పొగగొట్టం లేని హీటర్‌లో కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి బోటులోకే వస్తుంది. చెమ్మ సంగతి అటుంచి, మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

అపోహ: చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

వాస్తవం: నిండుగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకూ గడ్డకట్టదు. ఖాళీ అయినది మైనస్ 10 రాకముందే గడ్డకట్టొచ్చు. దాన్ని చంపేది, ఆపడం మర్చిపోయిన చిన్న లైటో అలారమో. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే సున్నా కన్నా తక్కువలో చార్జింగ్ పెట్టకండి, సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి.

అపోహ: ఇంజిన్ ఆయిల్ ఎలాగూ సీజన్ ముందు మారుస్తాం కదా.

వాస్తవం: వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి. నెలల తరబడి బేరింగులను వాటిలో నానబెట్టడం ఎందుకు? నిలిపే ముందే మార్చండి.

అపోహ: బోటు అడుగు ప్లగ్ తీస్తే తేమ లోపలికి వస్తుంది.

వాస్తవం: ఒడ్డున ఉన్న బోటులో కప్పు ఎక్కడో ఒకచోట కారుతుంది. ప్లగ్ ఉంటే ఆ వాన నీరంతా అడుగున నిలిచి గడ్డకడుతుంది. తీసేయండి. తీశాక దాన్ని తాళంచెవితో కలిపి స్టీరింగ్‌కు కట్టండి. ఒక ఏడాది నేను దాన్ని పనిముట్ల పెట్టెలో వేసి, అలాగే బోటును నీళ్లలోకి దించాను. కాలి కింద తడి తగిలాకే గుర్తొచ్చింది.