ఫీజు డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

మే నెలలో గోదావరి డెల్టాలోని ఏ ప్రైవేటు కాలేజీ ఆఫీసు ముందు చూసినా ఇదే వరస. చివరి సెమిస్టర్ రాసేసిన పిల్ల టీసీ, ఒరిజినల్స్ కోసం వస్తుంది. గుమస్తా లెడ్జర్ తీసి ఆమె పేరు ఎదురుగా ఖాళీగా ఉన్న గడి చూపిస్తాడు. రెండు విడతల ఆర్టీఎఫ్, అంటే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్, ఇంకా పడలేదు. డబ్బు కట్టి తీసుకెళ్లు, ప్రభుత్వం వేశాక నీది నీకు ఇచ్చేస్తాం అంటాడు. దాళ్వా ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చి ఉంటే తండ్రి కడతాడు, లేకపోతే బంగారం తాకట్టుకు వెళుతుంది. ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ఈ పద్ధతి ఆగకపోవడానికి కాలేజీల మొండితనం ఒక్కటే కారణం కాదు. పథకం నిర్మాణంలోనే ఆ లోపం ఉంది.

డెల్టాలో కాలేజీలు మొదట దాతల చేతుల మీదుగా వచ్చాయి. కాకినాడ పీఆర్ కాలేజీ పిఠాపురం సంస్థానం అండతో నిలబడింది. భీమవరం డీఎన్నార్, ఏలూరు సీఆర్ రెడ్డి 1945లో, నరసాపురం వైఎన్ 1949లో, అమలాపురం ఎస్‌కేబీఆర్ 1951లో మొదలయ్యాయి. ఎయిడెడ్ పోస్టుల్లో పనిచేసేవారికి ప్రభుత్వమే జీతాలిచ్చేది కాబట్టి విద్యార్థి కట్టే ఫీజు స్వల్పం. స్కాలర్‌షిప్ సంగతి వేరు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. అంటే కాలేజీకి వెళ్లే గ్రాంటు ఒక కాలువ, పిల్లాడికి వచ్చే స్కాలర్‌షిప్ మరో కాలువ. ఒకటి ఎండినా రెండోది పారేది.

అన్ఎయిడెడ్ కాలేజీలు పెరిగాక మొదటి కాలువ వాటి దాకా రానేలేదు. జీతాలు, అద్దె, ల్యాబు ఖర్చు అన్నీ ఫీజులోంచే రావాలి. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం సీట్లను ఫ్రీ సీట్లుగా ఉంచింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని తీసేసింది. మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో ఫీజులు ఖరారు చేసే కమిటీలు వచ్చాయి. దాంతో ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్న కూలీ బిడ్డ కూడా కమిటీ పెట్టిన ఫీజు పూర్తిగా కట్టాల్సిన పరిస్థితి వచ్చింది.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడినవారికి) విస్తరించింది ఆ నేపథ్యంలోనే. ట్యూషన్ ఫీజు ఆర్టీఎఫ్ పేరుతో కాలేజీకి, మెస్ ఖర్చు ఎంటీఎఫ్ పేరుతో విద్యార్థికి వెళ్లేది. దీని మేలును తక్కువ చేసి చెప్పలేం. తాటాకింటి పిల్లలు ఇంజినీర్లయ్యారు. కాకపోతే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి, వాటిలో చాలా భాగం ఈ డబ్బు మీదే బతికేవి. విద్యార్థి పేరున వచ్చే సాయం కాలేజీ జీతాల పద్దు అయిపోయింది. ఖజానా ఒక విడత ఆపితే లెక్చరర్ల జీతం ఆగుతుంది, ఆ ఒత్తిడి తిరిగి తిరిగి పిల్లల సర్టిఫికెట్ల మీద పడుతుంది.

భారం పెరిగేసరికి 2012-13లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం గిరి గీసింది. ఇంజినీరింగ్‌లో ఎంసెట్ ర్యాంకు 10,000 లోపైతే పూర్తి ఫీజు, దాటితే బీసీ, ఈబీసీలకు 35,000 రూపాయలే. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు కొనసాగింది. ఎక్కువ ఫీజున్న కాలేజీలో చేరినవారు మిగతాది చేతి నుంచి కట్టుకున్నారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో స్కాలర్‌షిప్‌ల కోసం జ్ఞానభూమి పోర్టల్ వచ్చింది, 35,000 పరిమితి మాత్రం అలాగే ఉంది.

2019 నవంబరు 30న వచ్చిన జీవో 115 జగనన్న విద్యా దీవెన పేరుతో పూర్తి ఫీజు ఇస్తామంది. ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్ మినహా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. 75 శాతం హాజరు తప్పనిసరి. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య వారికి వర్తించదు. హాస్టల్, మెస్ ఖర్చులకు వసతి దీవెన కింద ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపైన 20,000 రూపాయలు ఇస్తామన్నారు. 2020 డిసెంబరు 25 నాటి జీవో 77 ప్రైవేటు కాలేజీల్లోని పీజీ విద్యార్థులను పక్కన పెట్టేసింది. డిగ్రీ దాకా చదివించి, ఊళ్లో ఉన్న ఎంఎస్సీ తలుపు మూయడం డెల్టాలో ఆడపిల్లలకే ఎక్కువ దెబ్బ, పీజీ కోసం దూరం పంపని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అర్హత పోయేది చిన్న చిన్న వాటి దగ్గరే. తాత పేరున ఉన్న ఉమ్మడి భూమి ఖాతా పంచుకోక, అన్నదమ్ముల భూమంతా ఒకరి లెక్కలో పడుతుంది. అమ్మేసిన పాత కారు ఆర్సీ మార్చకపోతే అది ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తుంది. లోను కోసం రిటర్ను వేయించుకుంటే పన్ను కట్టేవారి జాబితాలోకి పోతారు. ఇలాంటివి గ్రామ సచివాలయంలో అర్జీతో సరిపోవు. ముందు రెవెన్యూ రికార్డులోనో, రవాణా శాఖ దగ్గరో సరిచేయించి, ఆ కాగితంతో వెళ్లాలి.

2021 ఏప్రిల్ నుంచి డబ్బు కాలేజీకి కాక తల్లి ఖాతాకు వెళ్లడం మొదలైంది. ఆమె వెళ్లి కడితే కాలేజీని నిలదీసి అడుగుతుందన్నది ఉద్దేశం. ఆలోచన మంచిదే. కానీ కోనసీమ, పశ్చిమ గోదావరి తల్లుల్లో ఎందరో కువైట్‌లో, మస్కట్‌లో ఇంటి పని చేస్తున్నారు. వేలిముద్ర ఎవరు వేయాలి? రొయ్యల షెడ్డులో ఐసులో చేతులు నానే తల్లికి, కొబ్బరి పీచు పని చేసే తల్లికి మిషను మీద వేలిముద్ర ఓ పట్టాన పడదు. కొందరి ఖాతాలో పడిన డబ్బు డ్వాక్రా వాయిదాకో, ఆస్పత్రికో పోయింది. కాలేజీలు కోర్టుకెళ్లాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి తల్లుల ఖాతాల నిబంధనను కొట్టేసినా ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి కొనసాగించింది. 2023 చివర్లో తల్లీబిడ్డల జాయింట్ ఖాతా తెచ్చారు. దాంతో మళ్లీ బ్యాంకు క్యూలు.

ఎస్సీ విద్యార్థులకు మరో ముడి ఉంది. కేంద్రం 2020 డిసెంబరులో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వాటాను 60:40గా మార్చి, తన 60 శాతం నేరుగా విద్యార్థి ఆధార్ ఖాతాకు వేస్తోంది. రాష్ట్రం తన వాటా ఇచ్చాకే అది కదులుతుంది. ఖాతాకు ఆధార్ లింకయితే చాలదు, ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఆ ఖాతాకే ఉండాలి. ఇంకో బ్యాంకులో కొత్త ఖాతా తెరిచినప్పుడు మ్యాపింగ్ అటు మారిపోతే డబ్బు అక్కడ పడుతుంది. పడిన సంగతి విద్యార్థికీ తెలియదు, కాలేజీకీ తెలియదు.

2024 మార్చిలో ప్రకటించిన విడత ఎన్నికల కోడ్‌కూ హైకోర్టుకూ మధ్య చిక్కుకుంది. జూన్‌లో ప్రభుత్వం మారి, పథకం పేరు మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అయింది. 2024-25 నుంచి డబ్బు కాలేజీ ఖాతాకే అన్నారు. 2023-24లో చివరి ఏడాది చదివినవారు మాత్రం రెండు పద్ధతుల నడుమ పడ్డారు. తల్లి ఖాతాకు రావాల్సిన విడతలు బకాయి పడ్డాయి, వాళ్లేమో అప్పటికే కాలేజీ వదిలేశారు. అప్పు చేసి ఫీజు కట్టి ఒరిజినల్స్ తెచ్చుకున్నవారు ఆ రసీదు పారేయకూడదు. కట్టింది ఏ ఏడాదికి, ఏ విడతకో రసీదు మీద రాయించుకోవాలి. ఆ రెండూ లేకపోతే రేపు కాలేజీ ఖాతాలో బకాయి పడ్డా, ఆ డబ్బు తమదని చూపించే ఆధారం వాళ్ల చేతిలో ఉండదు.