ఆవు వ్యాసం వెనక అష్టావధానం

ఇంటర్ చదువుతున్న ఒక పాఠకురాలికి ఏడో తరగతి నాటి తన వ్యాసాల నోటుబుక్కు దొరికిందట. "ఏ వ్యాసం చూసినా ఒకటే తీరు. ఒక వాక్యం, దాని వెనక ఇంకో వాక్యం, తోచడం ఆగిపోయిన చోట ముగింపు. ఇప్పుడు అలా రాయను. కానీ అప్పుడూ మాట్లాడమంటే గంటలు మాట్లాడేదాన్ని. రాతలోకి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయింది?" అని అడిగింది. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడిగితే బాగుండునని నేను చూస్తున్న ప్రశ్న ఇది.

అష్టావధానం చూసినవాళ్లకు జవాబు సగం తెలిసినట్టే. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాళ్లు. ఒకరు పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అంటూ పద్యంలో వాడాల్సిన పదాలు ఇస్తారు, నిషిద్ధాక్షరి వారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు, ఇవన్నీ నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెప్పుకుంటూ తిరిగొచ్చి, చివర పద్యాలన్నీ ధారణ చేస్తాడు, అంటే గుర్తుంచుకుని అప్పజెబుతాడు. చూసేవాళ్లు ఆయన జ్ఞాపకశక్తికి ముక్కున వేలేసుకుంటారు. నన్ను అడిగితే అసలు గుట్టు ఛందస్సులో ఉంది. గణాల కోసం, యతి కోసం ఆయన ఆలోచించడు, అవి వాటంతటవే పడతాయి. ఇంకా వేళ్లమీద గణాలు లెక్కపెట్టుకునేవాణ్ణి ఆ పీట మీద కూర్చోబెడితే సమస్య వినేలోపే చేతులెత్తేస్తాడు.

ఏడో తరగతి పిల్ల కలం పట్టుకుంటే ఆమె చుట్టూ చేరేదీ ఇలాంటి సభే. అక్షరం ఆకారం ఒక పృచ్ఛకుడు. ఒత్తులు, దీర్ఘాలు ఇంకొకడు. వాక్యం చివర క్రియ వచ్చేదాకా కర్తను గుర్తుపెట్టుకోమనేవాడు మూడోవాడు, తర్వాత ఏం చెప్పాలనేవాడు నాలుగోవాడు. 'ఇది చదివేవాళ్లకు అర్థమవుతుందా?' అనేవాడు అందరికన్నా వెనక కూర్చుంటాడు. వీళ్లందరికీ జవాబు చెప్పాల్సింది ఒకే వర్కింగ్ మెమరీ, అంటే పని జరుగుతున్నంతసేపూ కావలసినవి తలలో పట్టి ఉంచే జ్ఞాపకం. 1974లో బాడ్లీ, హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని భాగాలుగా విడదీసి చూపారు: మాటల ధ్వనిని లోలోపల వల్లెవేసుకుంటూ నిలిపే భాగం (అది పట్టగలిగేది దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినంతే), ఆకారాలను, స్థానాలను నిలిపే భాగం, ఈ రెంటికీ ధ్యాస పంచే అధికారి. 2001లో నెల్సన్ కోవన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త లెక్క తేల్చినదాని ప్రకారం పెద్దవాళ్లు కూడా ఒకేసారి ధ్యాసలో ఉంచుకోగలిగేవి సుమారు నాలుగు అంశాలు.

తెలుగు లిపి సంగతి కాస్త చెప్పాలి. 35 హల్లులు, ఒక్కోదానికి 12 గుణింత రూపాలు అనుకున్నా 420 ఆకారాలు. ఒత్తులు ఈ లెక్కలో లేవు. కాబట్టి మన పిల్లల సభలో మొదటి ఇద్దరు పృచ్ఛకులు చాలా ఏళ్లు నోరు మూయరు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 1994 నాటిది. ఫ్రాన్స్‌లో బూర్దాన్, ఫయోల్ అనే పరిశోధకులు పదాల జాబితాలు వినిపించి, గుర్తున్నవి ఒకసారి నోటితో, ఒకసారి రాసి చెప్పమన్నారు. చిన్న తరగతుల పిల్లలు రాసినప్పుడు తక్కువ పదాలు చెప్పగలిగారు. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. అప్పుడు పెద్దవాళ్లను అలవాటు లేని పద్ధతిలో, పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలను కలిపిరాతలో రాయమన్నారు. అంతే, వాళ్లూ పదాలు మరిచిపోవడం మొదలుపెట్టారు! తెలివి తగ్గలేదు, పదాలు మారలేదు. నోరు మూసుకున్న పృచ్ఛకుణ్ణి లేపి మళ్లీ మాట్లాడించారు, అంతే.

"చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది" అని మన బళ్లలో ఇప్పటికీ బెదిరిస్తారు. తలరాత మాట దేవుడెరుగు. 1997లో గ్రాహం, బెర్నింగర్ బృందం ఒకటి నుంచి ఆరో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో చేతిరాతకూ వ్యాసం నాణ్యతకూ సంబంధం కనిపించిన మాట నిజమే. కానీ వాళ్లు కొలిచింది అక్షరాలు ఎంత వేగంగా, తడుముకోకుండా పడుతున్నాయన్నది. ముత్యాల్లా ఉన్నాయా లేదా అన్నది కాదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరాల సొగసు దిద్దిస్తూ కూర్చునే మాస్టార్లకు ఈ తేడా ఎవరైనా చెబితే బాగుండును.

ఇక ఆవు వ్యాసం. బెరైటర్, స్కార్డమాలియా అనే పరిశోధకులు పిల్లల రాతను 1987లో వర్ణించిన తీరు ఇది: అంశం చూడగానే తోచింది రాయడం, రాసిన వాక్యం గుర్తు చేసినది దాని కింద రాయడం, నిల్వ అయిపోగానే ఆపేయడం. ఆవు సాధు జంతువు, ఆవు పాలు ఇస్తుంది, పాలతో పెరుగు చేస్తారు. ఇది సోమరితనం కాదు. అంతమంది పృచ్ఛకుల మధ్య ఇరుక్కున్నవాడికి మిగిలే చవకైన దారి అదొక్కటే. చేయి, వర్ణక్రమం అలవాటైన కొద్దీ ధ్యాస ఖాళీ అవుతుంది. అప్పుడు రాస్తున్నది చదువుకుని 'నేననుకున్నది ఇదేనా?' అని ఆలోచనే మార్చుకోవడం మొదలవుతుంది. మన పాఠకురాలు ఇప్పుడున్నది బహుశా ఇక్కడే. తన ఆలోచన, కాగితం మీది మాట, చదివేవాడి బుర్రలో పడే అర్థం, ఈ మూడింటినీ ఒకేసారి పట్టుకునే దశ తర్వాతెప్పుడో వస్తుంది. పెద్ద రచయితగా తయారవడానికి మొత్తం మీద రెండు దశాబ్దాలకు పైగా పడుతుందని 2008లో రోనాల్డ్ కెలాగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు.

ఈలోగా పృచ్ఛకుల సంఖ్య తగ్గించే ఉపాయం లేదా? కెలాగే 1988లో ప్రయోగం చేసి చూశాడు. రాసేముందు ఏ అంశం తర్వాత ఏది రావాలో క్రమం వేసుకున్నవాళ్ల రాత మెరుగుపడింది. 'తర్వాత ఏమిటి?' అనేవాడికి ముందే జవాబు చెప్పేసి పంపించారన్నమాట. ముందు ఎలాగోలా చిత్తుగా రాసేసి తర్వాత దిద్దుకోమనే సలహాను కూడా ఆయన పరీక్షించాడు. దానివల్ల నాణ్యతలో లాభం కనిపించలేదు. అడిగిన ప్రతివాళ్లకూ ఆ సలహానే ఇస్తూ వచ్చిన నాకు ఇది కొంచెం కష్టంగానే ఉంది.