హ్యూస్టన్‌లో ఉన్న మనవలకు తుపాన్ల గురించి

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

బెరిల్ తుపాను వచ్చి వెళ్లాక మీరు కరెంటు లేక రోజుల తరబడి ఉక్కపోతలో గడిపారని అమ్మ చెప్పింది. అప్పుడు చిన్ని ఫోనులో, "తాతయ్యా, తుపాన్లు మునుపటికంటే ఎక్కువయ్యాయా?" అని అడిగింది. అవునని చెప్పేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. పిల్లలు నిజంగా తెలుసుకోవాలని అడిగినప్పుడు తొందరపడి జవాబు చెప్పకూడదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు హరికేన్ అనేదాన్నే జపాన్ వైపు టైఫూన్ అంటారు, మనం తుపాను అంటాం. పుట్టుక ఒకటే. సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కితే, అక్కడి నుంచి లేచే ఆవిరే దానికి తిండి.

ఎన్ని వచ్చాయో చెప్పాలంటే ముందు ఎవరు లెక్కపెట్టారో చూడాలి. అట్లాంటిక్ తుపాన్ల పట్టిక 1851 నుంచి ఉంది. ఆ తొలినాళ్లలో వాటిని చూసినవాళ్లు ఓడల్లో ఉన్నవాళ్లు, తీరంలో ఉన్నవాళ్లు మాత్రమే. నడిసముద్రంలో పుట్టి అక్కడే చల్లారిపోయిన తుపాను దారిలో ఓడ లేకపోతే, అది పట్టికలోకి ఎక్కేదే కాదు. 1943లో ఒక పైలట్ కావాలనే విమానాన్ని తుపాను కంట్లోకి, అంటే దాని నడిమధ్యకు, నడిపాడు. అది జరిగింది మీకు దగ్గరలోనే, గాల్వెస్టన్ వైపు. 1960ల నుంచి ఉపగ్రహాలు పైనుంచి కాపలా కాస్తున్నాయి. 2020లో అట్లాంటిక్‌లో 30 తుపాన్లకు పేర్లు పెట్టారు. నిజమే, పెద్ద అంకె. కానీ ఓడలు చూసిన లెక్కను, ఉపగ్రహం చూసిన లెక్కను పక్కపక్కన పెట్టి "ఇంత పెరిగాయి" అనడం న్యాయం కాదు.

ఇంకో చిక్కు ఉంది, నన్ను బాగా ఆలోచింపజేసింది అదే. 1970లు, 80లలో అట్లాంటిక్‌లో తుపాన్లు తగ్గాయి. అమెరికా, యూరప్ ఫ్యాక్టరీల పొగలోని గంధకపు ధూళి ఎండకు అడ్డుపడి సముద్రాన్ని కొంత చల్లగా ఉంచిందని, తగ్గడానికి అదీ ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గాలిని శుభ్రం చేసుకున్నాక ఆ నీడ తొలగింది, తుపాన్లు మళ్లీ పెరిగాయి. కాబట్టి ఎవరైనా 1980 నుంచి గీత గీసి చూపిస్తే, దానికి ముందు ఏం జరిగిందని అడగండి. ప్రపంచం మొత్తం మీద ఏటా 80, 90 దాకా తుపాన్లు వస్తాయి. ఆ సంఖ్య పెరుగుతోందనడానికి స్పష్టమైన ఆధారం లేదు.

మరి భయం దేనికంటారా? బలానికి. గాలి వేగాన్ని బట్టి తుపాన్లను ఒకటి నుంచి అయిదు స్థాయిలుగా లెక్కిస్తారు, అయిదోది అన్నిటికంటే బలమైనది. గత నలభై ఏళ్లలో మూడో స్థాయి, అంతకు మించిన తుపాన్ల వాటా పెరిగింది. మీ బెరిల్ 2024 జూలై 2న అయిదో స్థాయికి చేరింది. అట్లాంటిక్ పట్టికలో అంత తొందరగా, సీజను మొదట్లోనే ఆ స్థాయికి చేరినది ఇంకొకటి లేదు. 2023 అక్టోబరులో మెక్సికో పసిఫిక్ తీరాన ఓటిస్ ఒక్క రోజులోనే మామూలు గాలివాన నుంచి అయిదో స్థాయికి ఎదిగి అకపుల్కో మీద పడింది. ఊరు ఖాళీ చేయడానికి జనానికి వ్యవధి ఎక్కడిది?

వాన సంగతీ అంతే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. 2017లో హార్వీ తుపాను మీ టెక్సాస్‌లోని నెడర్‌లాండ్‌లో 1,539 మిల్లీమీటర్ల వాన కురిపించింది. మన కృష్ణా జిల్లాలో ఏడాదంతా కురిసేది సుమారు వెయ్యి. హార్వీ ఆ వానను కొద్ది రోజుల్లోనే దించేసింది.

అన్నిటికంటే నాకు భయం ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. మా మేనమామ ఇంటి గోడ మీద నీటి గుర్తు నా తలకంటే ఎత్తులో ఉండేది. 1900లో గాల్వెస్టన్‌లోనూ ఇదే జరిగింది, దాదాపు 8,000 మంది పోయారు. అప్పటి నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. గాల్వెస్టన్‌లో నేల కూడా కుంగుతోంది కాబట్టి అక్కడ అంతకంటే ఎక్కువే. అదే గాలి వీచినా ఇప్పుడు ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. హెచ్చరికలు ముందే అందుతున్నాయి కనుక ఎన్నో ప్రాణాలు దక్కుతున్నాయి. అది మనుషులు సాధించిన గొప్ప పని.

మీ ఇల్లు సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో, హార్వీ అప్పుడు మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో నాన్నను అడిగి రాయండి. మేనమామ గోడ మీద నీటి గుర్తు ఎత్తు నా పాత డైరీలో ఉంది. మీరు పంపే అంకెలు దాని పక్కన రాసుకుంటాను.

మీ తాతయ్య