జాన్ లెనన్ ఏ ఇంటి పిల్లవాడు? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల క్లాసు అయిపోయాక ఒక కుర్రాడు గిటార్ కవర్ జిప్పు వేసుకుంటూ ఆగిపోయాడు. "సార్, మా ఇంట్లో పెద్ద కష్టాలేం లేవు. నాన్న బ్యాంకులో, అమ్మ స్కూల్లో. నేను పాట రాస్తే ఎవరు నమ్ముతారు సార్?" అన్నాడు. వాడికి పదహారేళ్లు. నిజంగానే దిగులుపడుతున్నాడు. అలా ఎవరన్నారురా అని అడిగితే బీటిల్స్ పేరు చెప్పాడు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, ఈ నలుగురు ఇంగ్లండ్ కుర్రాళ్ల బ్యాండు అది. జాన్ లెనన్ లివర్‌పూల్ రేవు పక్కన కూలీల వాడలో తినీ తినకా పెరిగాడట, అందుకే ఆ గొంతులో అంత మంట ఉందట.

విశాఖలో 22 ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. ఈ మాట నాకు కొత్త కాదు. పిల్లలంటారు, వాళ్ల తల్లిదండ్రులంటారు, స్టేజీ మీద మైకు పట్టుకున్న యాంకర్లూ అంటారు. ఘంటసాల గారు విజయనగరంలో మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారన్న సంగతి మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అది నిజం, తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. దాంతో ప్రతి పెద్ద గాయకుడి వెనకా ఆకలి ఉండే ఉంటుందని అనుకోవడం మనకు అలవాటైపోయింది. లెనన్ విషయంలో మాత్రం ఆ లెక్క తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల పిల్లలు నష్టపోవడం నేను కళ్లారా చూశాను.

అపోహ: లెనన్ మురికివాడలో పెరిగాడు.

వాస్తవం: ఐదేళ్ల వయసు నుంచి అతను పెరిగింది లివర్‌పూల్ శివారు వూల్టన్‌లో, మెన్‌లవ్ అవెన్యూ 251వ నంబరు ఇంట్లో. పెద్దమ్మ మిమీ, ఆమె భర్త జార్జ్ స్మిత్‌ల సొంత ఇల్లు అది. జార్జ్‌ది పాల వ్యాపారం చేసిన కుటుంబం. 1933లో కట్టిన ఆ ఇల్లు మధ్యగోడ ఒకటే ఉండే జంట ఇళ్లలో ఒకటి. ముందూ వెనకా తోట. కిటికీలకు రంగు గాజు. ఇంటికి 'మెండిప్స్' అని పేరు కూడా ఉంది. అప్పటి ఇంగ్లండ్‌లో నంబరుతో సరిపెట్టుకోకుండా ఇంటికి పేరు పెట్టుకోవడమే ఒక హోదా.

నాకు బాగా గుర్తుండిపోయిన వివరం ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో పనివాళ్లను పిలిచే గంటలు ఉన్నాయి. మిమీ ఇంట్లో పనివాళ్లు లేరు. కానీ కట్టినవాళ్లు ఎలాంటి మనుషులు ఉంటారనుకుని ఆ ఇల్లు కట్టారో ఆ గంటలు చెప్పేస్తాయి.

జాన్ గది వీధి గుమ్మం పైన ఉన్న చిన్న గది. ఆ ఇంటిని 2002లో లెనన్ భార్య యోకో ఓనో కొని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు ఇచ్చేసింది. 2003 నుంచి జనం వెళ్లి చూసి వస్తున్నారు. మురికివాడ అని ఇంకా నమ్మేవాళ్లు ఆ ఫొటోలు ఒక్కసారి చూస్తే చాలు.

లెనన్ కూడా దీన్ని దాచుకోలేదు. 1980లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో తాను శివారు ప్రాంతపు మర్యాదస్తుల ఇంటి పిల్లవాడినేననీ, మిగతా ముగ్గురూ ప్రభుత్వ ఇళ్లలో ఉంటే తమకు సొంత ఇల్లూ తోటా ఉండేవనీ చెప్పాడు.

అపోహ: అయితే సుఖంగా పెరిగిన బాబన్నమాట. బాధంతా నటనే.

ఇది మొదటిదానికి సరిగ్గా ఎదురు అపోహ. నిజం తెలిశాక చాలామంది ఇటు దూకుతారు. ఇది ఇంకా అన్యాయం.

తండ్రి ఆల్ఫ్రెడ్ అనాథాశ్రమంలో పెరిగి, ఓడల్లో స్టీవార్డ్‌గా పనిచేసినవాడు. ఎక్కువగా సముద్రం మీదే ఉండేవాడు, తర్వాత కొడుకు జీవితంలోంచే మాయమయ్యాడు. తల్లి జూలియా మరొకరితో కాపురం పెట్టి, నడిచి వెళ్లేంత దూరంలోనే ఒక కౌన్సిల్ ఇంట్లో ఉండేది. కౌన్సిల్ ఇల్లంటే స్థానిక ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చే ఇల్లు. అంటే ఈ పిల్లవాడి కాళ్ల కింద రెండు తరగతులున్నాయి. నాన్న ఉద్యోగం చూస్తే కార్మిక కుటుంబం. పెంచిన ఇల్లు చూస్తే మధ్యతరగతి. వారాంతాల్లో అమ్మ దగ్గరికి వెళ్తే మళ్లీ ఇంకో లోకం.

1955లో పెదనాన్న జార్జ్ చనిపోయాడు. ఇల్లు గడవడానికి మిమీ యూనివర్సిటీ విద్యార్థులకు గదులు అద్దెకిచ్చేది. 1958 జూలై 15న జూలియా మిమీని చూసి తిరిగి వెళ్తూ మెన్‌లవ్ అవెన్యూ మీదే కారు గుద్ది చనిపోయింది. జాన్‌కు అప్పటికి పదిహేడేళ్లు. కిటికీకి రంగు గాజు ఉన్నంత మాత్రాన ఆ ఇంట్లో దుఃఖం ఉండదా?

అపోహ: నలుగురూ ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చారు.

పిల్లలు అన్నిటికంటే శ్రద్ధగా వినేది ఈ ముచ్చటే.

అందరిలోకీ పేద ఇల్లు రింగో స్టార్‌ది. డింగిల్ అనే ఇరుకు పేటలో, మాడ్రిన్ స్ట్రీట్ 9వ నంబరు ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి వెళ్లిపోయాడు. తల్లి బార్‌లో పనిచేసి పెంచింది. ఆరేళ్లప్పుడు కడుపులో ఇన్ఫెక్షన్‌తో నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. పదమూడేళ్లప్పుడు క్షయ వచ్చి రెండేళ్లు శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆస్పత్రిలో గడిపాడు. దాంతో బడి చదువు దాదాపు లేదనే చెప్పాలి. ఆ శానిటోరియంలో పిల్లలతో బ్యాండు వాయించేవాళ్లు. మంచం పక్కనున్న బీరువా మీద దారపు రీళ్లతో కొడుతూ తాళం పట్టుకున్నాడు రింగో. తర్వాత సవతి తండ్రి పది పౌండ్లు పెట్టి పాత డ్రమ్ సెట్ కొని, ఇంగ్లండ్ ఆ చివరి నుంచి రైల్లో మోసుకొచ్చాడు.

జార్జ్ హారిసన్ పుట్టింది వేవర్‌ట్రీలోని ఆర్నాల్డ్ గ్రోవ్‌లో. కింద రెండు గదులు, పైన రెండు గదులు, మరుగుదొడ్డి పెరట్లో. నాన్న బస్సు డ్రైవరు. తర్వాత వాళ్లు స్పీక్‌లో కౌన్సిల్ ఇంటికి మారారు. మొదటి గిటార్ మూడున్నర పౌండ్ల సెకండ్ హ్యాండ్ సరుకు.

పాల్ మెకార్ట్నీ నాన్న జిమ్ పత్తి వ్యాపార సంస్థలో సేల్స్‌మన్, ఒకప్పుడు సొంత జాజ్ బ్యాండు నడిపినవాడు. అమ్మ మేరీ మంత్రసాని నర్సు. 1955లో ఫోర్త్‌లిన్ రోడ్డు 20వ నంబరు కౌన్సిల్ ఇంటికి వచ్చారు. అక్కడ మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉంది. వాళ్లకది పెద్ద సంగతే. మరుసటి ఏడాదే మేరీ చనిపోయింది. ఆ ఇంట్లో డబ్బు తక్కువ, పియానో మాత్రం ఉంది. పుట్టినరోజుకు నాన్న ట్రంపెట్ కొనిస్తే, అది నోట్లో పెట్టుకుంటే పాడలేనని దాన్నిచ్చేసి గిటార్ తెచ్చుకున్నాడు పాల్.

మరుగుదొడ్డి ఇంట్లోనా, పెరట్లోనా? ఇల్లు సొంతమా, అద్దెదా? నాన్న ఇంట్లో ఉన్నాడా? పియానో ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకు నలుగురి దగ్గరా వేరే వేరే జవాబులొస్తాయి. బయటివాళ్లకు నలుగురూ లివర్‌పూల్ కుర్రాళ్లే. లివర్‌పూల్‌లో మాత్రం ఒకరి వీధికీ ఇంకొకరి వీధికీ ఎంత తేడా ఉందో అందరికీ తెలుసు. మన దగ్గర క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లవాడికీ పక్క బస్తీ పిల్లవాడికీ మధ్య గోడ ఎంత ఎత్తో మనకు తెలిసినట్టే.

అపోహ: 'వర్కింగ్ క్లాస్ హీరో' (కార్మిక వర్గపు హీరో) అని పాటే రాశాడు కదా, అది అతని ఆత్మకథ.

1970 డిసెంబరులో విడుదలైన ఆల్బమ్‌లోదీ పాట. రెండో ఏడాది పిల్లలకు నేర్పుతాను, ఎందుకంటే దాదాపు అంతా ఏ మైనర్, జి అనే రెండు కార్డులతోనే (కలిపి మోగించే స్వరాలతోనే) నడుస్తుంది. నేర్పేటప్పుడు ఒక పని చేయిస్తాను. పాటలో 'నేను' ఎన్నిసార్లు వచ్చింది, 'నువ్వు' ఎన్నిసార్లు వచ్చింది పెన్సిల్‌తో సున్నాలు చుట్టమంటాను. పేజీ నిండా 'నువ్వు', 'వాళ్లు' మీదే సున్నాలు పడతాయి. బడి, ఇల్లు, మతం, టీవీ కలిసి ఒక మనిషిని చిన్నప్పటి నుంచీ ఎలా అణిచిపెడతాయో చెప్పే పాట అది. నేను పేదవాడినని చెప్పుకునే పాట కాదు. ఆ పాట వచ్చేనాటికి లెనన్ పెద్ద ఎస్టేటులో ఉంటున్నాడు. దాని వల్ల పాట అబద్ధమైపోదు, అతని బాల్యానికి సాక్ష్యమూ అయిపోదు.

అపోహ: లెనన్ లివర్‌పూల్ యాస పుట్టుకతో వచ్చింది.

కొంతవరకే నిజం. ఇంట్లో లివర్‌పూల్ యాస వినపడటం మిమీకి ఇష్టం ఉండేది కాదు. జార్జ్ హారిసన్ మొదటిసారి ఆ ఇంటికొచ్చినప్పుడు అతని ముదురు యాస, అప్పటి దుడుకు కుర్రాళ్లు వేసుకునే టెడ్డీ బాయ్ బట్టలు చూసి ఆమెకు ఒళ్లు మండింది. లెనన్ మాత్రం తర్వాత ఆ యాసను దాచుకోకపోగా ఇంకాస్త గట్టిగానే పట్టుకున్నాడు. 1963 నవంబరు 4న లండన్‌లో రాజకుటుంబం ముందు పాడుతూ, చవక సీట్లవాళ్లు చప్పట్లు కొట్టండి, మిగతావాళ్లు నగలు గలగలలాడించండి అన్నాడు. ఆ మాటలో ఉన్న పొగరు అంతా ఇంతా కాదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసులో మొదటి నెలంతా నోరు విప్పరు. యాస చూసి నవ్వుతారని భయం. వాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

అపోహ: ప్రతిభ ఉంటే చాలు, తరగతి అడ్డు రాదు.

ప్రతిభ ఉంది, కాదనను. దాని కింద నిలబెట్టిన మెట్లు కూడా చూడాలి. 1944 విద్యా చట్టం వల్ల పరీక్ష పాసైన పిల్లలకు గ్రామర్ స్కూల్ (చదువులో ముందున్న పిల్లల హైస్కూల్) చదువు ఉచితమైంది. లెనన్ క్వారీ బ్యాంక్ అనే స్కూల్లో, పాల్, జార్జ్ లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ అనే స్కూల్లో చదివారు. ఆస్పత్రుల్లో గడిపిన రింగోకు ఆ దారి మూసుకుపోయింది. 1957లో లెనన్ మన పదో తరగతి లాంటి ఓ-లెవెల్ పరీక్షలన్నీ తప్పాడు. అయినా హెడ్మాస్టర్ సిఫార్సుతో ఆర్ట్ కాలేజీలో సీటొచ్చింది. అదే సమయంలో రింగో జిమ్ సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో అప్రెంటిస్. తప్పిన పిల్లవాడికి ఇంకో అవకాశం ఇప్పించే పెద్దలుండటం, తరగతి ఇచ్చే వరాల్లో అన్నిటికంటే పెద్దదని నా నమ్మకం.

నిర్బంధ సైనిక సేవ కూడా వీళ్లకు కాస్తలో తప్పిపోయింది. 1939 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లను పిలవడం మానేశారు. రింగో, లెనన్ 1940లో పుట్టారు. లేకపోతే బ్యాండు కుదురుకునే వయసులో బ్యారక్‌లలో ఉండేవాళ్లు.

స్కిఫుల్ అనే చవక వాద్యాల సంగీతం సంగతీ చెప్పాలి. గాయకుడు లోనీ డోనెగన్ పుణ్యమా అని 1956లో ఇంగ్లండ్ పిల్లలకు ఆ పిచ్చి పట్టుకుంది. బట్టలుతికే రేకు, టీ పెట్టెకు కర్ర గుచ్చి తాడు బిగిస్తే బాస్, ఒక చవక గిటార్. అంతే, బ్యాండు తయారు. లెనన్ గిటార్ గ్యాలోటోన్ ఛాంపియన్, పోస్టులో తెప్పించుకున్నది. లోపల చీటీ మీద చెక్క చీలిపోదని హామీ కూడా రాసి ఉండేది. అది వచ్చింది జూలియా చిరునామాకు. బ్యాంజో వాయించడం వచ్చిన ఆ అమ్మే కొడుక్కి బ్యాంజో కార్డులు నేర్పింది. గిటార్‌కు ఆరు తీగలుంటే లెనన్ నాలుగింటినే బ్యాంజోలా శృతి చేసుకుని వాయించేవాడు. 1957 జూలై 6న వూల్టన్ చర్చి తిరునాళ్లలో పాల్ అతన్ని చూసినప్పుడు కూడా అలాగే వాయిస్తున్నాడు. గిటార్ శృతి సరిగ్గా పెట్టడం ఆ తర్వాతే తెలిసింది.

మిమీకి ఈ గిటార్ గోల నచ్చలేదు. సరదాకి బాగానే ఉంటుంది, బతుకుతెరువు మాత్రం కాదని చెప్పేది. మన ఇళ్లలో "కూడు పెడుతుందా?" అంటారే, అదే మాట. చప్పుడు భరించలేక ముందు వరండాలోకి పొమ్మనేది. గాజు తలుపులున్న చిన్న వరండా అది. గొంతు అక్కడ గాజుకు తగిలి తిరిగి వస్తుంది, పాడేవాడికి తన పాట తనకే ఇంకాస్త బాగా వినిపిస్తుంది. మా పిల్లల్ని అపార్టుమెంటు మెట్ల దగ్గర సాధన చేయమని నేను చెప్పేది అందుకే.

అపోహ: పేదరికమే పాటను పుట్టిస్తుంది.

ఈ ఒక్కదాని దగ్గర నాకు కోపం ఆగదు. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి నాన్న ఆటో నడుపుతారు. ఆ అబ్బాయి ఒక పాటల పోటీకి ఎంపికయ్యాడు. రిహార్సల్‌లో పాట మీద గడిపిన టైము పది నిమిషాలు. ఇంట్లో ఎన్ని పూటలు పస్తులున్నారో ఎలా చెప్పాలి, ఎక్కడ కన్నీళ్లు పెట్టుకోవాలి అన్నదాని మీద గంటన్నర. వాళ్ల ఇంట్లో ఎవరూ పస్తులుండలేదు. ఆ నాన్న ఒక్క నెల కూడా ఫీజు ఆపలేదు. స్టేజీ మీద కొడుకు చెప్పింది టీవీలో విని, ఆయన నాకు ఫోన్ చేసి, "సార్, నేను అన్నం పెట్టలేదా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక చాలాసేపు ఊరుకున్నాను.

రింగోకు పేదరికం ఇచ్చింది క్షయ, పోయిన చదువు. తాళం ఇచ్చింది శానిటోరియంలోని ఆ బ్యాండు, రైల్లో డ్రమ్ములు మోసుకొచ్చిన ఆ మనిషి. లెనన్‌కు ఒక అమ్మ కార్డులు నేర్పింది, ఇంకో అమ్మ ఇల్లూ వరండా ఇచ్చింది.

బ్యాంకు ఉద్యోగి కొడుక్కి ఇదంతా రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పాను. మూడో ఆదివారం ఒక పల్లవి రాసుకొచ్చాడు. రోజూ సాయంత్రం ఆరున్నరకి వాళ్ల నాన్న స్కూటర్ వీధి మలుపు తిరిగే చప్పుడు మీద. రెండో లైనులో తాళం తప్పుతోంది. వచ్చే వారం దాన్ని సరిచేయాలి.